పెరట్లో షటిల్ కోర్టు: సంక్రాంతి నుంచి మృగశిర దాకా

సంక్రాంతి తర్వాతి వారం

పెరట్లో షటిల్ కోర్టు వేయాలన్న మాట ఇంట్లో చాలాకాలంగా నలుగుతోంది. ఈ పండక్కి ఖాయం చేశాం. హైదరాబాద్ సైనిక్‌పురిలో మా మామయ్య ఇల్లు కట్టినప్పుడు వెనక వదిలిన జాగా మూడు వందల గజాలకు కాస్త పైనే ఉంటుంది. పడమటి వైపు పెద్ద వేపచెట్టు, ఈశాన్యం మూల బోరు, మిగతాదంతా గడ్డి. పిల్లలిద్దరూ ఆట మీద మనసు పెట్టారు. గోపీచంద్ అకాడమీ ఉన్న గచ్చిబౌలి మాకు ఊరికి ఆ చివర. దగ్గర్లో అద్దె హాళ్ళు ఉన్నాయి గానీ సాయంత్రం ఏడు గంటల స్లాట్ దొరకాలంటే అదృష్టం ఉండాలి.

కోర్టు గురించి ఎవరినడిగినా మొదట రంగు సంగతే చెబుతున్నారు. నీలమా, ఆకుపచ్చా, టైల్సా, మ్యాటా అని. ఆరుబయట వేసే కోర్టుకు రంగు ఆఖరి పని. వాన నీళ్ళు ఎటు నుంచి ఎటు పోవాలన్నది మొదటి పని. అది సరిగ్గా కుదిరితే మామూలు రంగు కూడా ఏళ్ళ తరబడి నిలుస్తుంది, కుదరకపోతే ఎంత ఖరీదైన పూతైనా పొరలు పొరలుగా లేస్తుంది. ఈ డైరీలో ఎక్కువ భాగం నేల గురించే రాయబోతున్నాను.

కొలతలు ముందుగా. డబుల్స్ కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1 మీటర్లు. మన లెక్కలో 44 అడుగులకు 20. సింగిల్స్‌కి వెడల్పు 5.18 మీటర్లే. గీతల దాకే నేల వేస్తే వెనక్కి పరుగెత్తినప్పుడు కాలు గడ్డిలో పడుతుంది. అందుకని చుట్టూ ఖాళీ కలుపుకొని 60 అడుగులకు 30 పెట్టుకున్నాం. అంటే 1,800 చదరపు అడుగులు, సరిగ్గా రెండు వందల గజాలు.

పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. తూర్పు పడమరలుగా వేస్తే పొద్దున ఒకరి కళ్ళల్లో, సాయంత్రం ఇంకొకరి కళ్ళల్లో ఎండ కొడుతుంది. ఎత్తుగా లేచిన షటిల్ కనబడదు. మా జాగా ఎలాగూ ఉత్తర దక్షిణాలుగా పొడవే కాబట్టి దీనికి పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు.

వేపచెట్టు గురించి

చెట్టు కొట్టేస్తే కోర్టు ఇంకా బారుగా వస్తుందని ఒక కాంట్రాక్టరు సలహా ఇచ్చాడు. ఆయన్ని మళ్ళీ పిలవలేదు. తెలంగాణలో చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. అది అటుంచితే, ఆ చెట్టు మా అత్తయ్య నాటింది. ఉగాది పచ్చడికి పువ్వు ఇప్పటికీ దాని కొమ్మల నుంచే వస్తుంది. కోర్టుకు కూడా దాని అవసరం ఉంది. ఈ ఊళ్ళో జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి జోరుగా వీస్తుంది. పడమటి వైపు చెట్టూ, ప్రహరీ గోడా ఉండటం షటిల్ ఆడేవాళ్ళకు పెద్ద సాయం. మధ్యాహ్నం నాలుగు దాటితే సగం కోర్టు మీద నీడ కూడా పడుతుంది.

వేరు సంగతి మాత్రం చూసుకోవాలి. కాండానికి పది అడుగుల దూరంలో కోర్టు అంచు ఆపాం. చెట్టుకూ కోర్టుకూ మధ్య మూడడుగుల లోతు కాలువ తవ్వి, దళసరి ప్లాస్టిక్ షీటు నిలువుగా దించి మళ్ళీ మట్టి కప్పాం. కొత్త వేళ్ళు దాన్ని తాకి కిందికో పక్కకో మళ్ళుతాయి. తవ్వేటప్పుడు బొటనవేలి కన్నా లావున్న వేరు ఏదీ తెగకుండా చేత్తోనే మట్టి తీయించాం. జేసీబీని అటు వైపు రానీయలేదు.

శివరాత్రి వెళ్ళాక

ముగ్గు పోశాం. 60కి 30 దీర్ఘచతురస్రం సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలు తీయాలి. రెండూ 67 అడుగుల 1 అంగుళం రావాలి. ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గిందంటే మూల తిరిగినట్టే. ఇది ముగ్గు దశలోనే తేలాలి. కాంక్రీటు పోశాక గీతలు ఎంత జాగ్రత్తగా గీసినా అంచు వంకరగానే కనిపిస్తుంది.

అడుగు లోతు తీస్తే పైన ఎర్రమట్టి, కింద మొరం. మంచి నేల. శంకర్‌పల్లి వైపు ఉండే నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చి పైనున్న కాంక్రీటును కూడా విరిచేస్తుంది. అలాంటి చోట నల్లమట్టి తీసేసి మొరం నింపకుండా కోర్టు తలపెట్టకూడదు. మాకు ఆ బెడద లేదని సంతోషించేలోపు ఆగ్నేయం మూలలో జేసీబీ బొక్కెనకు బండ తగిలింది. సైనిక్‌పురిలో ఇది వింతేమీ కాదు. ఊరంతా గ్రానైట్ మీదే ఉంది.

బండ ఉంటే గట్టిదే కదా, దాని మీదే పోసేయొచ్చు కదా అని మా ఆయన అన్నారు. మా మేస్త్రీది పాలమూరు. ఆయన వెంటనే తల అడ్డంగా ఊపాడు. "రాయి మీద పోసింది కదలది సార్. మట్టి మీద పోసింది ఇంతో అంతో దిగుతది. రెండిటి నడుమ ఇరుగుతది" అన్నాడు. సగం బండ మీద, సగం మట్టి మీద కూర్చున్న పలకకు ఇదే ప్రమాదం. బ్రేకర్ పెట్టి ఆ మూలలో బండను మరో ఆరు అంగుళాలు కిందికి కొట్టించి, మీద మొరమూ రాతిపొడీ మెత్తలా వేశాం. రెండు రోజుల పని పెరిగింది. మిగతా నేలకూ ఆ మూలకూ కింద ఒకే రకమైన పొర ఉండేలా చూడటం ఈ మొత్తం పనిలో నాకు బాగా తృప్తినిచ్చిన సంగతి.

తర్వాత మొరం పరిచి, నీళ్ళు చల్లి, ప్లేట్ వైబ్రేటర్‌తో అణచటం. అంచుల్లో యంత్రం పోని చోట దిమ్మిసతో కొట్టారు. మందంగా ఒకేసారి పోసి అణిస్తే పైన గట్టిపడి లోపల గుల్లగా ఉంటుంది. నాలుగైదు అంగుళాల వరసలుగా పోయాలి. మీద కంకర, రాతిపొడి.

వాటం

ఇంటి లోపలి కోర్టుకు వాటం, అంటే నీళ్ళు జారిపోయే వాలు, అక్కర్లేదు. ఆరుబయట కోర్టుకు నూటికి ఒకటి చొప్పున వాటం ఉండాలి. మా 30 అడుగుల వెడల్పుకు పడమటి అంచు కన్నా తూర్పు అంచు మూడున్నర అంగుళాలు దిగువన ఉంటుంది. అంతా ఒకే పలకలాగా ఒకే వైపు వాలాలి. కొందరు మధ్యలో ఎత్తు పెట్టి రెండు వైపులా వాలుస్తారు. అలా చేస్తే నెట్ దగ్గర నేల గుబ్బగా ఉంటుంది, ఆట పాడవుతుంది. పొడవునా వాల్చినా తప్పే, ఒక జట్టు ఎత్తులో, ఇంకొక జట్టు పల్లంలో నిలబడాల్సి వస్తుంది. అడ్డంగా వాలిస్తే నెట్‌కు రెండు వైపులా నేల ఒకేలా ఉంటుంది.

దీంతో నెట్ స్తంభాల దగ్గర ఒక సందేహం వచ్చింది. రెండు స్తంభాల మధ్య 6.1 మీటర్లలో నేల 6 సెంటీమీటర్లు దిగుతుంది. మరి నెట్ మట్టంగా కట్టాలా, నేల వాలుకు తగ్గట్టు కట్టాలా? ఒక్కో స్తంభం ఎత్తును దాని కింది నేల నుంచే కొలవాలి. రెండు చోట్లా 1.55 మీటర్లు, మధ్యలో 1.524. అంటే నెట్ కూడా నేలతో పాటే వాలుతుంది. కంటికి తెలియదు కూడా.

తూర్పుకు వాటం, అక్కడి నుంచి కాలువలో ఈశాన్యానికి అనగానే అత్తయ్య ముఖం వెలిగింది. నీళ్ళు ఈశాన్యానికి చేరుతున్నాయి కాబట్టి వాస్తు కుదిరిందన్నారు. నాకు కావలసిందీ అదే. బోరు అక్కడే ఉంది.

ఇంకుడు గుంతలు

ఇన్నాళ్ళూ ఆ గడ్డినేల వాన నీళ్ళను తాగింది. ఇప్పుడు రెండు వందల గజాల మేర మూత వేస్తున్నాం. ఆ నీళ్ళను వీధిలోకి వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. వేసవిలో మా వీధిలో సగం ఇళ్ళ ముందు ట్యాంకర్లే ఉంటాయి.

లెక్క వేసి చూడండి. 1,800 చదరపు అడుగుల మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 1,670 లీటర్లు. మూడు సెంటీమీటర్లు పడితే 5,000 లీటర్లు, అంటే మనం డబ్బు పెట్టి కొనే ఒక ట్యాంకర్. హైదరాబాద్‌లో మూడు సెంటీమీటర్ల వాన ఏ సాయంత్రమైనా గంటలో కురిసి పోతుంది. అంత నీరు ఒక్కసారిగా వస్తే గుంత పట్టుకోవాలి కదా. ఆరడుగుల చదరం, ఎనిమిది అడుగుల లోతు గుంత తవ్వితే చూడటానికి ఎనిమిది వేల లీటర్లు పట్టేలా ఉంటుంది. కానీ రాళ్ళూ కంకరా నింపాక ఖాళీ నూటికి నలభై వంతులే మిగులుతుంది. అంటే మూడు వేల లీటర్ల పైచిలుకు. అందుకే ఒకటి కాదు, రెండు గుంతలు పక్కపక్కన తవ్వించి పైపుతో కలిపాం. అడుగున పెద్ద రాళ్ళు, మీద 40 ఎంఎం కంకర, ఆపైన 20 ఎంఎం, పైన ఇసుక.

కోర్టు తూర్పు అంచు పొడవునా సన్నటి కాలువ, దాని మీద జాలీ. కాలువ చివర గుంతకు ముందు ఒక చిన్న తొట్టి కట్టించాం. వేపాకులూ మట్టీ అందులో దిగిపోతాయి. ఆ తొట్టిని శుభ్రం చేయడం చాలా తేలిక. అది లేకపోతే రెండేళ్ళలో ఇసుక పొర పూడుకుపోయి గుంత పనికిరాకుండా పోతుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే లైట్లు ఆపుకోండి, రంగు ఆపుకోండి, ఈ తొట్టి మాత్రం ఆపొద్దు.

ఉగాది దాటింది

నెట్ స్తంభాలు దిగే గొట్టాలకు పునాదులు ముందే పోసేశాం. రేపు లైట్లు పెట్టాలనుకునేవాళ్ళు కరెంటు వైర్ల పైపులు కూడా ఇప్పుడే నేలలో వేసి పెట్టుకోవాలి. తర్వాత పలక కోయాల్సి వస్తే ఆ బాధ చెప్పనలవి కాదు.

రాతిపొడి మీద పాలిథిన్ షీటు, దాని మీద కవర్ బ్లాకులు (కడ్డీలను కింద ఆనకుండా ఎత్తి పట్టే చిన్న దిమ్మలు), వాటిపైన 8 ఎంఎం కడ్డీల జాలి. ఐదు అంగుళాల మందం పలకకు 21 ఘనమీటర్ల కాంక్రీటు పట్టింది. రెడీమిక్స్ లారీలు నాలుగు వచ్చాయి. ఎండ ముదరకముందే ముగించాలని తెల్లవారుజామున మొదలుపెట్టాం. లారీ డ్రైవరు కాంక్రీటు సులువుగా జారుతుందని నీళ్ళు కలపబోతే మేస్త్రీ అరిచి ఆపాడు. నీళ్ళు ఎక్కువైతే బలం తగ్గుతుంది, ఎండాక బీటలూ వస్తాయి.

ఫినిషింగ్ దగ్గర మాత్రం మేస్త్రీకీ నాకూ కాసేపు వాదన నడిచింది. "అద్దం లెక్క చేసి ఇస్త మేడం, నీళ్ళు పోస్తే మొకం కనవడాలె" అన్నాడు. ఇంట్లో గచ్చుకు అది గొప్ప పనితనం. కోర్టుకు అలా నున్నగా చేస్తే యాక్రిలిక్ పూత పట్టుకోదు. తాపీతో మట్టం చేశాక, కాస్త గట్టిపడుతుండగా చీపురుతో ఒకే వైపు సన్నగా గీతలు లాగించమన్నాను. ఆయనకు మనసొప్పలేదు. చెయ్యి తిరిగిన మనిషికి తన పని గరుకుగా కనిపించడం ఎంత కష్టమో నాకు అర్థమైంది. రంగు పొర ఎలా పట్టుకుంటుందో వివరించాక ఒప్పుకున్నాడు. ఆ గీతలు కూడా ఎంత తీరుగా లాగాడంటే, వాటిని రంగుతో కప్పాలంటే నాకే బాధేసింది.

మర్నాడు పొద్దున్నే కటింగ్ మెషీన్‌తో గాడులు కోయించాం. మందంలో నాలుగో వంతు లోతు. కాంక్రీటు ఎండేటప్పుడు ముడుచుకుంటుంది, ఎక్కడో ఒకచోట చీలక తప్పదు. ఆ చీలే చోటు మనం ముందే చూపిస్తే అక్కడే చీలుతుంది. ఒక గాడి సరిగ్గా నెట్ కింద, ఒకటి మధ్యగీత వెంట, మిగతావి 15 అడుగులకు ఒకటి.

క్యూరింగ్‌కు, అంటే కాంక్రీటును తడిగా ఉంచడానికి, మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, వేడి ఎక్కువగా ఉంటే 10 రోజులు అంటుంది. మేం అంతకన్నా ఎక్కువే చేశాం. వాటం వల్ల నీళ్ళు నిలవవు కాబట్టి మట్టి గట్లతో చిన్న చిన్న మడులు కట్టి, ఎత్తు వైపు తడి గోనె సంచులు పరిచాం. నీళ్ళకు బదులు పైన పూసే క్యూరింగ్ మందు వాడొద్దు. దాని పొర మీద రంగు పట్టదు.

మే నెల, నీళ్ళ పరీక్ష

కాంక్రీటు పోసి 28 రోజులు దాటాకే పూత మొదలుపెట్టాలి. అంతకుముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. ప్లాస్టిక్ షీటు ముక్కను నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించి ఒక రాత్రి వదిలేస్తే, పొద్దున దాని అడుగున చెమట పట్టకూడదు. పడితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. మాకు పొడిగానే వచ్చింది.

అసలు పరీక్ష ఆ తర్వాతిది. కోర్టంతా పైపుతో తడిపి గంటసేపు వదిలేశాం. గంట తర్వాత కూడా రెండు మిల్లీమీటర్ల కన్నా లోతుగా నీళ్ళు నిలిచిన చోటల్లా గుంటే. ఆగ్నేయం వైపు ఒకటి, నెట్‌కు కాస్త ఉత్తరంగా ఇంకొకటి కనిపించాయి. పిల్లలు సుద్దముక్కలతో వాటి చుట్టూ గీతలు గీశారు. ఆరాక ఆ గీతల లోపల యాక్రిలిక్ కలిపిన సిమెంటు పూసి, బద్దతో లాగి సరిచేశారు. మళ్ళీ తడిపాం. ఈసారి నీళ్ళు ఆగలేదు. పూత వేసే మనుషులు "పైన రంగు పడితే సరిపోతుంది" అని తొందరపెట్టారు. వినకండి. రంగు పొర మందం చాలా తక్కువ, దాంతో గుంట పూడదు.

రోహిణి కార్తె

రోళ్ళు పగిలే ఎండలంటారు కదా, అవే. నేల కాలుతున్నప్పుడు యాక్రిలిక్ పూస్తే స్క్వీజీతో (రబ్బరు బద్దతో) లాగుతుండగానే ఆరిపోయి చారలు పడుతుంది. అందుకని తెల్లవారగానే మొదలుపెట్టి తొమ్మిదికల్లా ఆపేసేవాళ్ళు. ముందు పలుచటి యాసిడ్‌తో కడిగి, మంచినీళ్ళు పలుమార్లు ఎత్తిపోశారు. తర్వాత ప్రైమరు, సన్నటి సిలికా ఇసుక కలిపిన రీసర్ఫేసర్ (రంగుకు ముందు నేలను సమం చేసే పూత) రెండు పూతలు, ఆపైన రంగు రెండు పూతలు. ఆ ఇసుక వల్లే కాలికి పట్టు వస్తుంది.

మొదటి రంగు పూత వేసిన సాయంత్రం గాలిదుమారం లేచింది. వేపాకులూ దుమ్మూ వచ్చి పడ్డాయి. అదృష్టవశాత్తూ పూత చాలావరకు ఆరింది. అంటుకున్న చోట్ల గీకి, రాకి, మరుసటి రోజు మళ్ళీ వేశారు.

లోపల ముదురు ఆకుపచ్చ, బయట ఇటుక ఎరుపు. తెల్ల షటిలైనా పసుపు నైలాన్ షటిలైనా ముదురు రంగు మీద బాగా కనిపిస్తుంది. గీతల వెడల్పు 40 మిల్లీమీటర్లు. టేపు అంటించాక ముందు నేల రంగునే టేపు అంచుల మీద పలుచగా పూసి, ఆరాక తెల్లరంగు వేస్తే గీత పక్కలకు పాకదు. ఈ కిటుకు ఆ కుర్రాళ్ళ దగ్గర నేర్చుకున్నాను.

మా చిన్నోడికి పికిల్‌బాల్ పిచ్చి పట్టింది. 1965లో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో ఆ ఆట పుట్టిందే పాత షటిల్ కోర్టు మీద. అందుకే కొలత కూడా అదే, 44కు 20. నెట్ మాత్రం చాలా కింద, మధ్యలో 34 అంగుళాలు. కానీ పికిల్‌బాల్‌లో నెట్ ముందుండే గీత 7 అడుగుల దూరంలో, షటిల్ సర్వీసు గీత ఆరున్నర అడుగుల దూరంలో వస్తాయి. అర అడుగు తేడాలో రెండు గీతలు పక్కపక్కనే ఉంటే నేర్చుకునే పిల్లలు తికమక పడతారు. పెద్దది వచ్చే నెల పోటీలకు తయారవుతోంది. అవి అయ్యాక పికిల్‌బాల్ గీతలు లేత రంగులో వేయిస్తాం.

మృగశిర

మొదటి మంచి వాన మధ్యాహ్నం పడింది. అందరం వరండాలో నిలబడి చూశాం. నీరు పడమటి అంచు నుంచి పలుచటి పొరలా తూర్పుకు జారి కాలువలో పడింది. ఎక్కడా ఆగలేదు. వాన వెలిశాక గంటలోపే కోర్టు మీద తడి మరకలు తప్ప నీళ్ళు లేవు. మొదటి గుంత నిండి రెండోదానిలోకి నీరు దిగింది. మర్నాటికి రెండూ ఖాళీ. మొరం బాగా తాగుతోంది. తొట్టిలో చేరిన ఆకులు సగం బకెట్ వచ్చాయి.

ఆట సంగతి. ఆరుబయట ఈక షటిల్ ఆశ పెట్టుకోకండి, చిన్న గాలికే దారి తప్పుతుంది. మేం నైలాన్ వాడుతున్నాం. మన ఊరు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. దానికి ఎండ వేడి తోడైతే గాలి పలుచబడి షటిల్ వేగంగా పోతుంది. అందుకే నెమ్మదిగా పోయే ఆకుపచ్చ పట్టీ రకం కొన్నాం. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా గాలి తక్కువ, అప్పుడు ఆట బాగా సాగుతోంది. సాయంత్రాలు ఈ నెలల్లో గాలిని బట్టే. పోటీకి తయారయ్యే పిల్లలకు ఇది హాలుకు బదులు కాదు. అడుగుల వేగం, సర్వీసు, డ్రైవ్‌లు, స్టామినా, వీటికి మాత్రం ఇంతకన్నా మంచి చోటు ఉండదు. సిమెంటు నేల మోకాళ్ళకు గట్టిది కాబట్టి మంచి అడుగున్న బూట్లు లేకుండా మా ఇంట్లో ఎవరినీ కోర్టు ఎక్కనీయడం లేదు.

ఇంకా మిగిలినవి: పడమటి గోడ మీద ఆకుపచ్చ షేడ్ నెట్, రెండు పక్కలా లైటు స్తంభాలు. లైట్లు బేస్‌లైన్ల వెనక పెట్టకూడదు, పైకి చూసేవాళ్ళ కళ్ళల్లో పడతాయి. పక్కింటి వాళ్ళ పడకగది కిటికీ ఉత్తరం వైపు ఉంది కాబట్టి అటు వెలుగు పోకుండా స్తంభాల చోటు వాళ్ళతో కలిసి చూసి ఖాయం చేశాం. తొమ్మిది దాటాక వెలిగించబోమని మాటిచ్చాం. ఈ పనులు వానలు తగ్గాక, దసరా సెలవుల్లో. అప్పటిదాకా జోరు వాన రోజుల్లో నెట్ విప్పి, స్తంభాలు పీకి, గొట్టాలకు మూతలు బిగిస్తున్నాం. వారానికోసారి తొట్టి శుభ్రం చేసే బాధ్యత చిన్నోడిది.